టూ క్లబ్స్ దొరా, జర ఆగి రారాదు!

బ్రిడ్జి అనే పత్తాలాటల బలమైన చేతికి పాడే పాట, టూ క్లబ్స్ దొరవారి సముఖానికి,

నల్లగొండ నుంచి మీ బాంచ రాసుకునేదేందంటే, దొరా, మీరొస్తున్నరంటే మా టేబుల్ మీద మాట ముచ్చట బందైపోతది, నా జోడిగ ఆడే మా సార్ చెయ్యి పాట కార్డులుండే బిడ్డింగ్ బాక్సులకు పోతది, ముందుగాల "జర ఆగుండ్రి" అనే స్టాప్ కార్డు తీస్తడు, దాని ఎనుక మీరు దిగుతరు, ఇగ ఎదురుంగ కూసున్న నేను నా 13 ముక్కలు మూసుకొని టూ డైమండ్స్ అని పెట్టాలె. నా చేతిల డైమండ్లున్నయా లేవా అని అడిగేటోడు లేడు. ఎన్నేండ్ల సంది నడుస్తున్నదో ఈ కథ, ఇయ్యాల మీతోని తేల్చుకుందామని రాస్తున్న.

మీరెవరో ఎర్కలేనోళ్లు గూడ ఇది చదువుతరు కాబట్టి వాళ్లకు జర చెప్పాలె. బ్రిడ్జి అంటే రమ్మీ కాదు, తీన్‌పత్తా అసలే కాదు. నలుగురు కూసుంటరు, ఎదురెదురు కూసున్నోళ్లు ఒక జోడి, 52 పత్తాలు తలా 13. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1, అన్నీ కలిపితే 40 పాయింట్లు, అంటే సగటున మనిషికి 10. ఆట షురూ కాకముందు వేలంపాట ఉంటది, మేము ఇన్ని ట్రిక్కులు (నలుగురు తలా ఒక ముక్క ఏస్తే ఒక ట్రిక్కు) గెలుస్తం, ఫలానా రంగు తురుపు పెట్టి గెలుస్తం అని. పాటల క్లబ్స్ అంటే కళావర్లు, హార్ట్స్ అంటే ఆటీన్లు, స్పేడ్స్ అంటే ఇస్పేట్లు, నోట్రంప్ అంటే తురుపు లేని ఆట. ఆ పాటల వన్ క్లబ్ కాడ్నుంచి సెవెన్ నోట్రంప్ దాక 35 మాటలే ఉన్నయ్, వాటి పక్కన పాస్, డబుల్, రీడబుల్, గంతే. మన చేతిల ఏమున్నదో పార్టనర్‌కు ఆ మాటలతోనే చెప్పాలె, కన్ను గొట్టుడు లేదు దగ్గుడు లేదు, పార్టనర్ ఎక్కువసేపు ఆలోచించిండంటే ఏదో ఉన్నదని పసిగట్టి దాన్ని వాడుకున్నా బ్రిడ్జి రూల్సుల 16వ లా కింద తప్పే.

క్లాక్ టవర్ కాడ ఎవరికన్న బ్రిడ్జి ఆడ్తమని చెప్తే "పత్తాలాటనా, ఎంత పెట్టి ఆడ్తరు" అని మెల్లగ అడుగుతరు. ఒక్క పైస పెట్టం. సికింద్రాబాద్‌ల ఒక క్లబ్బు మీద రమ్మీ కేసు పెడ్తే అది సుప్రీం కోర్టు దాక పోయింది, జడ్జి సాబులు రమ్మీ తెలివితోని ఆడే ఆటనే, అండ్ల ఉన్న అదృష్టం బ్రిడ్జిల పత్తాలు పంచేకాడ ఉన్న అదృష్టం లాంటిదే అని రాసిన్రు, అంటే రమ్మీకి ఇజ్జత్ ఇయ్యనీకి మా బ్రిడ్జిని సాక్షి పెట్టిన్రన్నట్టు. 2018ల జకార్తా ఏషియన్ గేమ్స్‌ల 60 ఏండ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏండ్ల శివనాథ్ సర్కార్ జోడి బ్రిడ్జిల మన దేశానికి గోల్డ్ మెడల్ తెచ్చిన్రు. అయినా మా ఇంటామె లెక్కల మేము పత్తాలోళ్లమే, అది వేరే లొల్లి.

ఇగ మీ సంగతి దొరా. పేరు టూ క్లబ్స్, చేతిల కళావర్ ఒక్కటి లేకున్నా మీకు నడుస్తది. మీరొచ్చిన్రంటే అర్థం ఒక్కటే, "నా కాడ 22 పాయింట్ల పైన ఉన్నయ్, లేకుంటే నా ఒక్కని బలం మీదనే తొమ్మిది ట్రిక్కులున్నయ్, నువ్వు పాస్ అనొద్దు." ఏ రంగు పొడుగు, ఏ రంగు ఖాళీ, అవన్నీ చెప్పరు. గడీ ఉన్నదని చాటింపు అయితే ఏస్తరు గాని ఏ గదిల ఏమున్నదో చెప్పేది లేదు. 22 పైన పాయింట్లు పడుడు సుమారు 240 చేతులకు ఒకసారి, ఒక సాయంత్రం 24 బోర్డులు (పంపకాలు) ఆడితె పది సాయంత్రాలకు ఒక దర్శనం. అంత అరుదుగ వస్తరు కాబట్టే సార్‌కు మీరంటే మోజు, 18 పాయింట్లు కనబడ్డా మీ పల్లకి తయ్యారు జేద్దామా అని చూస్తడు.

1930లల్ల అమెరికా బ్రిడ్జి గురువు కల్బర్ట్‌సన్ హుకుం నడిచినప్పుడు నాలుగు రంగులకు నలుగురు దొరలుండె. టూ స్పేడ్స్ అంటే సచ్చిబతికినా ఇస్పేట్ల దొరే, టూ హార్ట్స్ అంటే ఆటీన్ల దొరే, ఎవరు వస్తున్నరో దూరంకెల్లి చూస్తేనే ఎర్కయ్యేది. తర్వాత తర్వాత ముగ్గురు దొరల పని ఖతమైంది, ఇప్పుడు చానామంది ఆటల టూ స్పేడ్స్ అంటే ఆరు ఇస్పేట్లు, 6 నుంచి 10 పాయింట్లతోని ఎల్లదీసుకునే చిన్న రైతు. మా హైదరాబాద్ స్టేట్‌ల 1949ల జాగీర్లు రద్దయినయ్ గాని మీ జాగీరు రద్దు గాలే, పైగ ఆ ముగ్గురి భూములు గూడ మీ పేరు మీదికే పట్టా అయినయ్. అందుకే మీ కాడ ఇన్ని రకాల చేతులు జమైనయ్, వచ్చిందేదో చెప్పనీకి మీకే వశం కాదు.

నా టూ డైమండ్స్ గురించి గూడ చెప్పాలె కదా. అది జవాబు కాదు, "నీ బాంచెన్ దొరా, సెలవియ్యి" అనుడు. పుస్తకాలల్ల వెయిటింగ్ బిడ్ అని రాస్తరు, చేసేటోనికి అది వెట్టి. మీదొక మాట నాదొక మాట, రెండు మాటలైపాయె, ఇంక ఒక్క రంగు పేరు టేబుల్ మీదికి రాకపాయె. అప్పుడు మీరు టూ స్పేడ్స్ అంటే సరే, మొదటి నిజం బయటపడ్డట్టు. డైమండ్లయితే త్రీ డైమండ్స్ అనాలె, ఇగ త్రీ నోట్రంప్ దాటకుండ మాట్లాడుకోనీకి మిగిలిన మెట్లు మూడు, త్రీ హార్ట్స్, త్రీ స్పేడ్స్, త్రీ నోట్రంప్. మూడు మెట్లల్ల ఏం సంసారం చెప్పుకుంటం చెప్పుండ్రి.

ప్రతిసారి మీరు తప్పని నేననను, న్యాయం న్యాయమే. 22 నుంచి 24 పాయింట్లు, నాలుగు రంగులు సమంగ పడ్డ చెయ్యి అయితే మీరే రావాలె, నా టూ డైమండ్స్ తర్వాత టూ నోట్రంప్ అంటరు, నా కాడ సున్నా ఉంటే నేను పాస్ అంట, మీ రాజ్యంల నాకు పాస్ అనే హక్కున్నది గా ఒక్క కాడనే. (20, 21 అయితే మీతోని పనే లేదు, సీదా టూ నోట్రంప్ ఉండనే ఉన్నది.) అట్లనే ఇస్పేట్ ఆసు రాజు రాణి జాకీ, వాటి కింద ఇంకో మూడు ఇస్పేట్లు, పక్కన ఆటీన్ ఆసు, డైమండ్ ఆసు రాజు, ఇసొంటి చేతికి గూడ మీరే దిక్కు, ఎందుకంటే నా కాడ గుడ్డిగవ్వ లేకున్నా ఫోర్ స్పేడ్స్, అంటే పది ట్రిక్కులు, అయితది, వన్ స్పేడ్ అంటే మాత్రం నేను పాస్ కొట్టి ఊకుంట.

లొల్లంతా రెండు రంగుల చేతితోని. మొన్నటి ఆట వినుండ్రి. సార్ డీలరు, అంటే మొదటి మాట ఆయనది. ఆయన కాడ డైమండ్లు ఆరు, ఆసు రాజు జాకీ 6 5 2. కళావర్లు ఐదు, ఆసు రాజు రాణి 7 3. ఆటీన్ల ఆసు ఒక్కటే, ఇస్పేట్ల 4 ఒక్కటే. మొత్తం 21 పాయింట్లు. నా కాడ డైమండ్ రాణి, 3, కళావర్ జాకీ 6 4 2, మిగిలిందంత చిల్లర, లెక్కపెడితె 3 పాయింట్లు. సార్ తన పత్తాలు చూసుకున్నడు, కుర్చీల నిటారుగ అయిండు, స్టాప్ కార్డు తీసిండు, మీరు దిగిన్రు. నేను వెట్టికి తయ్యారైతున్న, గంతల్నే సార్‌కు ఎడమపక్క కూసున్నాయన త్రీ స్పేడ్స్ పెట్టిండు! ఆయన కాడ ఇస్పేట్ల రాజు నుంచి కిందికి ఏడు ముక్కలు, 6 పాయింట్లు, అవి తప్ప ఇంకోటి లేదు. నల్లగొండ జిల్లా దొరా ఇది, దొర బండికి అడ్డం పడేటోళ్లు ఇక్కడ ఎడమపక్క నుంచే లేస్తరని మీకు మల్ల చరిత్ర చెప్పాల్నా.

నేను పాస్ (నడుమ ఎదుటాయన పాడిండు కాబట్టి నా పాస్‌తోని పాట ఆగది), కుడిపక్కాయన పాస్, తిరిగి సార్ నెత్తిమీదికొచ్చింది. సార్ కాడ రెండు రంగులున్నయ్, అండ్ల పదకొండు ముక్కలు, ఒక్కటి గూడ నాకు చెప్పలే, ఇప్పుడు చెప్పుడు ఫోర్ లెవల్ నుంచి షురూ జెయ్యాలె. ఫోర్ డైమండ్స్ అన్నడు. నేను నా డైమండ్ రాణిని చూసుకొని ఫైవ్ డైమండ్స్ అన్న, ఆయన కాడ కళావర్లున్నయని నాకేమెర్క, నా కాడ కళావర్ జాకీతోని నాలుగున్నయని ఆయనకేమెర్క, సార్ పాస్. వాళ్లు ఇస్పేట్ ఏసి ఒక ట్రిక్కు తీసుకున్నరు, రెండో ఇస్పేట్‌ను సార్ తురుపుతోని కొట్టిండు, తురుపులన్నీ గుంజిండు, నా రాణి తన పని తను చేసింది, కళావర్లు ఐదుకు ఐదు నడిచినయ్, అన్నీ కలిపితే పన్నెండు ట్రిక్కులు. స్కోరు 420. సిక్స్ క్లబ్స్ అనో సిక్స్ డైమండ్స్ అనో పాడి ఉంటే 920, స్లామ్ బోనస్ 500 మా కండ్ల ముంగటనే పాయె, అదే వల్నరబుల్ (బోనస్, జరిమానా రెండూ పెద్దగుండే బోర్డు) అయ్యుంటే 750 పోవు. సార్ ఏమన్నడో ఎర్కనా, "చూసినవా, ఒక ట్రిక్కు ఎక్కువ తెచ్చిన" అన్నడు.

మా ఇద్దరి పాయింట్లు కలిపితే 24. స్మాల్ స్లామ్‌కు, అంటే పన్నెండు ట్రిక్కుల పాటకు, 33 కావాలని పుస్తకాలు చెప్తయ్. 24 పట్టుకొని పన్నెండు ట్రిక్కులు వచ్చినయంటే అది పాయింట్ల బలం కాదు, ఒకరి రంగులు ఒకరికి అతికినయ్. అతికినయని తెల్వాలంటే మాట్లాడుకోవాలె, మాట్లాడుకోనీకి జాగ కావాలె, ఉన్న జాగంత మీ గడీ వాకిలికే పాయె.

అదే సార్ నిమ్మలంగ వన్ డైమండ్ అని ఉంటే? ఎడమపక్కాయన అప్పుడు గూడ త్రీ స్పేడ్సే అంటుండె, నేను పాస్, కుడిపక్కాయన పాస్, అప్పుడు సార్ ఫోర్ క్లబ్స్ అంటడు. అయిపాయె! రెండు మాటలల్ల రెండు రంగులు చెప్పిండు, త్రీ స్పేడ్స్ మీదికెల్లి తనంతట తను ఫోర్ లెవల్‌కు ఎక్కిండంటే బలమున్నదని గూడ చెప్పినట్టే. నేను నా 3 పాయింట్లు చూసుకుంట, ఆయన మొదటి రంగుల రాణి, రెండో రంగుల జాకీతోని నాలుగు, రెండూ సరిగ్గ పనికొచ్చే కాడనే ఉన్నయ్, ఫైవ్ క్లబ్స్ అంట, ఆయన సిక్స్ అంటడు, ఇంటికి పోయేటప్పుడు ఇద్దరం నవ్వుకుంట పోతం.

దీనికి సార్ కాడ ఎప్పటికీ ఒక్కటే జవాబు, "వన్ డైమండ్ అన్నంక అందరు పాస్ కొడ్తే ఎట్ల, 21 పాయింట్లు పట్టుకొని వన్ డైమండ్ ఆడాల్నా?" లెక్క చూడుండ్రి దొరా. 21 ఆయన కాడుంటే మిగిలింది 19, ముగ్గురికి పంచితే తలకు 6 పైననే వస్తది, 6 ఉంటే నేనెట్లగూ పాస్ కొట్ట. నా కాడ 3 ఉన్నయంటే 16 వాళ్ల కాడున్నట్టు, ఇస్పేట్లు తొమ్మిది గూడ వాళ్ల కాడనే, 16 పాయింట్లు తొమ్మిది ఇస్పేట్లు పెట్టుకొని నోరు మూసుకొని కూసునే జోడి మిర్యాలగూడ నుంచి దేవరకొండ దాక ఎక్కడన్న ఉంటే నాకు చూపెట్టుండ్రి, వాళ్లకు దండేస్త. ఒకరి చేతిల రంగులు వంకరగ పడ్డయంటే మిగిలినోళ్లకు గూడ చానాసార్లు వంకరగనే పడ్తయ్, ఎవరో ఒకరు నోరు తెరుస్తరు. ఎప్పుడో ఒకసారి వన్ డైమండ్‌ల ఆగుతదేమో, ఆగనీ, అట్ల పోయేదానికంటె మీ వల్ల పోయేదే ఎక్కువ.

నా అనుమానమేందంటే సార్ భయం పాస్ గురించి కానేకాదు. వన్ డైమండ్ అనేది 12 పాయింట్లోడు గూడ అంటడు. సాగర్ కాలువల మీద ఎస్ఈగ, అంటే పెద్ద ఇంజినీరుగ, చేసి రిటైరైనాయన, 21 చేతిల పెట్టుకొని 12 ఉన్నోని లెక్క కనబడాల్నా, అది ఆయనకు మింగుడుపడది. మీరు ఆయనకు బిడ్డు కాదు దొరా, పాత జీపు మీద ఉండే బోర్డు.

మీ ఖాందాన్‌లనే వన్ క్లబ్ అని చిన్నోడున్నడు, జర వాణ్ని చూసి నేర్చుకోండ్రి. సి.సి. వెయ్ అనే ఆయన 1960లల్ల తయ్యారు జేసిన ప్రిసిషన్ పద్ధతిల 16 పాయింట్లుంటే వన్ క్లబ్ అంటరు, ఏం లేని పార్టనర్ వన్ డైమండ్ అంటడు. వాడు గూడ వెట్టి చేపిస్తడు, కాదనను, గాని మీకంటె ఐదు మెట్లు కిందికెల్లి షురూ జేస్తడు కాబట్టి తర్వాత ముచ్చట పెట్టుకోనీకి తీరిక దొరుకుతది. 1969ల ఆ పద్ధతితోనే తైవాన్ టీమ్ బెర్ముడా బౌల్ అనే ప్రపంచ పోటీల ఫైనల్ దాక పోయింది. అంతెందుకు, 1925ల ఓడల పోతపోత ఈ ఆటకు స్కోరు లెక్కలు కట్టిన అమెరికా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ గూడ బలమైన చేతికి వన్ క్లబ్బే పెట్టుకున్నడు. సార్‌కు చెప్తే "ఈ వయసుల కొత్త సిస్టమా" అంటడు. కొత్తదట!

కాబట్టి నా అర్జీ. సార్ చేతిల రెండు రంగులు పొడుగ్గ పడ్డనాడు మీరు బాక్సులకెల్లి బయటికి రావొద్దు. అవి కళావర్లు డైమండ్లయితే అసలే రావొద్దు, వాటిల గేమ్ (పెద్ద బోనస్ వచ్చే పాట) కావాలంటేనే పదకొండు ట్రిక్కులు కావాలె, ముచ్చట ఎక్కువ పడ్తది. ఇస్పేట్లు ఆటీన్లయితే జర ఆలోచించొచ్చు, టూ స్పేడ్స్, త్రీ హార్ట్స్ అనుకుంట ఎట్లనో బయటపడ్తరు, అప్పుడు గూడ నన్నడిగితె వన్ స్పేడే మేలు. ఇగ నాకు ఒక రంగుల మంచి ముక్కలు ఐదు, 8 పాయింట్లు వచ్చిననాడు టూ డైమండ్స్ కాకుండ నా సొంత రంగు పేరు చెప్పుకోనియ్యాలె, అది పుస్తకంల ఉన్న హక్కే, మా టేబుల్ మీదనే ఇంక అమలు కాలే, మొన్నొకసారి టూ హార్ట్స్ అంటే సార్ నన్ను కిందికెల్లి మీదికి చూసిండు. ఆ చూపు గూడ 16వ లా కిందికే వస్తది, జర చెప్పుండ్రి ఆయనకు.

ఇట్లు,
మీ ఎదురు కుర్చీల 3 పాయింట్ల బాంచ,
నల్లగొండ.

తా.క.: దీన్ని పోస్టు చేసేముందు సార్‌కు చూపెట్టిన. అద్దాలు పెట్టుకొని మొత్తం చదివిండు, ట్రిక్కులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నడు, చాయ్ తాగిండు, "లెక్కంతా కరెక్టే తమ్మీ, గాని అంత మంచి చేతికి టూ క్లబ్స్ అనకపోతే ఇంకెప్పుడంటం" అన్నడు.