నేను కొలిచిన లోతులు నావి

నీటి లోతు కొలిచే నా సోనార్ యంత్రానికి ఫోన్‌లో ఉన్న యాప్ రాత్రికి రాత్రి కొత్త వర్షన్‌కు మారిపోయింది. పొద్దున మా చెరువు పటాన్ని తెరిస్తే రంగుల బొమ్మ అలాగే ఉంది గాని, దాని వెనకున్న అంకెలను ఫైలుగా దించుకొనే మీట కనిపించలేదు. ఆ సౌకర్యం ఇకపై ఏడాది చందా కట్టినవారికేనని కింద చిన్న అక్షరాలలో రాశారు. తెప్ప నాది, బ్యాటరీ నాది, ఎండకు మాడింది నా వీపు, యంత్రానికి అడిగిన ధర మొత్తం కొన్ననాడే చెల్లించాను. ఇంత చేశాక నా కొలతలను నాకే అమ్మజూపడాన్ని వ్యాపారం అనడానికి కూడా నాకు నోరు రావడం లేదు.

బొమ్మ ఉండగా అంకెలతో ఏం పని అని ఉదయం నుంచి కొందరు మిత్రులు అడుగుతున్నారు. సోనార్ గీసేది బొమ్మ కాదు. అది నీటిలోకి ధ్వనిని వదిలి, ఆ ధ్వని అడుగును తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు కడుతుంది. ఆ లోతుకు జీపీఎస్ చెప్పిన స్థానాన్ని, సమయాన్ని జతచేసి ఒక వరుస రాస్తుంది. తెప్ప నడిచిన దారి పొడవునా అలాంటి వరుసలు వేలకు వేలు పోగవుతాయి. మనం పటమని పిలిచేది ఆ దారుల మధ్య మిగిలిన ఖాళీలను ప్రోగ్రాం తన అంచనాతో నింపగా వచ్చిన రంగులే. అంచనాను నా చేతిలో పెట్టి, కొలతకు తాళం వేసుకోవడం ఏ న్యాయమో ఆ కంపెనీవారే చెప్పాలి.

ఈ తేడా ఎంత ప్రమాదకరమైనదో మా చెరువులోనే చూపిస్తాను. తూముకు ఎడమవైపు, కట్టకు కాస్త దూరంలో, ఒక వేసవిలో ఎవరో పొక్లెయిన్ పెట్టి మట్టి తవ్వుకుపోయిన గుంత ఉంది. చెరువు నిండాక పైనుంచి చూసేవారికి దాని ఆనవాలే తెలియదు. తెప్పను మెల్లగా దాని మీదుగా నడిపితే తెర మీద లోతు ఒకటిన్నర మీటర్ల దగ్గరే ఆడుతూ ఆడుతూ, రెండు మూడు అడుగులు కదిలేసరికి నాలుగు మీటర్లు దాటుతుంది. రొమ్ములోతు నీటిలో నడుస్తున్న మనిషి ఇంకొక్క అడుగు వేస్తే రెండు నిలువుల లోతులో పడతాడన్నమాట. యాప్ గీసిన బొమ్మలో అదే చోట నెమ్మదిగా వాలిన పల్లం కనిపిస్తుంది, ఎందుకంటే ఇరుగుపొరుగు కొలతలను సగటు చేసి గీతలను నున్నగా దిద్దడమే ఆ ప్రోగ్రాం పని.

యంత్రం స్వభావం కూడా ఇందుకు తోడవుతుంది. సోనార్ ధ్వని నీటిలో సూటిగా తీగలా దిగదు, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఇరవై డిగ్రీల కోణమున్న యంత్రమైతే ఆరు మీటర్ల లోతున రెండు మీటర్లకు పైగా వెడల్పున్న వృత్తాన్ని ఒకేసారి చూస్తుంది, అందులో అన్నిటికంటే ముందు తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని అడుగుగా లెక్కవేస్తుంది. ముందు వచ్చేది దగ్గరి నుంచి, అంటే గుంత అంచు మీది నుంచి. అందువల్ల ఇరుకైన గుంత ఎప్పుడూ ఉన్నదానికంటే తక్కువ లోతుగానే నమోదవుతుంది. నాచు దట్టంగా పెరిగినచోట నాచు తలలే అడుగుగా కనిపిస్తాయి. ఇవన్నీ తెలిసే నేను సీసపు గుండు కట్టి అర మీటరుకొక ముడి వేసిన తాడును వెంట తీసుకువెళతాను. అనుమానం కలిగిన ప్రతిచోటా తాడు దించి, ముడులు లెక్కపెట్టి, ఆ వరుసలో ఉన్న సోనార్ అంకెను సరిచూస్తాను. ఇప్పుడు ఆ వరుసే నాకు కనిపించకపోతే దేనిని సరిచూడాలి?

మా ఊరి మత్స్య సహకార సంఘంవారు ఆ గుంత చుట్టూ వెదురు గడలు పాతి, కొసలకు ఎర్రగుడ్డలు కట్టారు. ఏ గడ ఎక్కడ పాతాలో ఆ ఫైలులోని స్థానాలను చూసే నిర్ణయించాం. సంఘంలోని పెద్దాయన ఒకరు లోతును ఇప్పటికీ బారలలోనే చెబుతారు. ఆయన చెప్పిన చోటల్లా తాడు, సోనార్ రెండూ ఆయన మాటనే నిలబెట్టాయి. చెరువు గుంతలలో ఈతకు దిగిన పిల్లలు తిరిగి రాలేదన్న వార్త చదవకుండా మనకు ఏ వేసవీ గడవదు. కంపెనీ కార్యాలయంలో కూర్చొని ఈ మీటను తీసేయమన్న మనిషికి అంకెల ఫైలు అమ్ముకోదగిన అదనపు సౌకర్యంగా కనిపించి ఉండవచ్చు. మాకు అది ఎర్రగుడ్డ ఎక్కడ కట్టాలో చెప్పే కాగితం.

నీటిమట్టం సంగతి కూడా చెప్పాలి. దసరా నాటికి మత్తడి దూకిన చెరువు, యాసంగి నాట్లకు తూము ఎత్తాక వారం వారం దిగిపోతూ ఉంటుంది. అదే చోట కార్తీకంలో కొలిచిన లోతుకూ మాఘంలో కొలిచిన లోతుకూ ఒక నిలువు తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. కాబట్టి కొలిచిన రోజున తూము గోడ మీది గేజిలో మట్టం ఎంత ఉందో రాసుకొని, అది మత్తడి మట్టానికి ఎంత దిగువన ఉందో ఆ రోజు లోతులన్నింటికీ కలపాలి. ఫైలు చేతిలో ఉంటే ఇది ఒక్క కూడికతో తీరే పని. యాప్ మాత్రం రెండు కాలాల కొలతలను ఒకే బొమ్మలో కలిపేసి, లేని గట్లను, లేని పల్లాలను పుట్టిస్తుంది. నీటి వేడికి కూడా లెక్క ఉంది: ఇరవై డిగ్రీల నీటిలో సెకనుకు 1482 మీటర్లు పోయే ధ్వని ముప్పై డిగ్రీల నీటిలో 1509 మీటర్లు పోతుంది, ఆరు మీటర్ల లోతున అది సుమారు 11 సెంటీమీటర్ల తేడా తెస్తుంది. అంకెలు మన దగ్గరుంటే దాన్ని కూడా సవరించుకోగలం.

ఇంతకంటే కడుపు మండించే విషయం మరొకటి ఉంది. మేమందరం ఎక్కించిన కొలతలను ఆ కంపెనీ తన ఉమ్మడి పటంలో కలుపుకొంటుంది, ఆ పటాన్ని చూపించే కొత్త యంత్రాలను అమ్ముకొంటుంది. ఇవ్వడానికి మాకు చందా అడ్డం రాలేదు, తిరిగి తీసుకోవడానికి మాత్రం అడ్డం వచ్చింది.

కంపెనీ మీద ఇంత కోపం రావడానికి అసలు కారణం పాతది. మన నీళ్ల అడుగు మనకు తెలియకుండానే తరాలు గడిచిపోయాయి. శ్రీశైలం జలాశయం కట్టిన నాటి సామర్థ్యం 308 టీఎంసీలు, ఇవాళ 885 అడుగుల పూర్తి మట్టానికి చెప్పే లెక్క 215. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు దిగింది. 112 టీఎంసీల శ్రీరాంసాగర్ 90కి తగ్గి, ఆ తర్వాత ఇంకా తగ్గింది. ఈ అంకెలు గాలిలోంచి రాలేదు, పడవ మీద యంత్రాలు పెట్టి అడుగంతా కొలిస్తేనే వచ్చాయి. అంత ఖర్చు పెట్టి కొలిచాక మన చెవిన పడేది ఒక్క మొత్తం అంకె. పూడిక ఏ వంకలో మేట వేసింది, పాత నది గాడి ఇప్పుడు ఎక్కడ ఉంది, మునిగిన ఊళ్ల గోడలు ఎంత లోతున ఉన్నాయి అన్న సంగతులు పుట్టి వేసుకొని అక్కడే బతికే మత్స్యకారుడి చేతికి పటంగా ఎప్పుడైనా అందాయా? వలలు చిరిగాకే ఆయన వాటిని నేర్చుకోవాలి.

అమెరికాలోని మిన్నెసోటాలో సహజ వనరుల శాఖ వేల చెరువుల సమాచారాన్ని, కొలిచినవాటి లోతు పటాలతో సహా, ఎవరైనా ఉచితంగా చూసేలా పెట్టింది. టెక్సస్ జలాభివృద్ధి బోర్డు తాను చేసిన జలాశయాల సర్వే నివేదికలను బహిరంగంగా ఉంచుతుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఆదివారం గాలం పట్టుకొని బయలుదేరే ముందు ఆ పటాలను ఫోన్‌లో చూసుకొంటారు. గోదావరి, కృష్ణల ఒడ్డున పుట్టినవారికి ఆ పాటి హక్కు ఎందుకు ఉండకూడదు?

నా చెరువు సంగతి నేను చూసుకొంటాను. కొలతలను నేరుగా మెమరీ కార్డు మీద రాసే యంత్రాన్ని తెచ్చుకొని, పటాలు గీసే ఉచిత ప్రోగ్రాం క్యూజీఐఎస్‌లో పటం నేనే గీసుకొంటాను, ఆ ఫైలును అడిగినవారికల్లా ఇస్తాను. కానీ శ్రీశైలాన్ని తెప్ప మీద ఒక మనిషి కొలవలేడు. ప్రభుత్వాన్ని అడిగేది ఒక్కటే: ప్రజల డబ్బుతో కొలిచిన ప్రతి జలాశయపు లోతుల పట్టికను, ఏ మట్టం వద్ద, ఏ తేదీన కొలిచారో రాసి, వరుస వరుసగా బయట పెట్టండి. రంగులు మీరు వేయనక్కరలేదు, ఆ పని మేము చేసుకోగలం.