గుమ్మం దగ్గరి చెప్పు

పోయిన దీపావళికి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లక్ష్మీపూజ ముగిసి ప్రసాదాలు పంచుతున్నారు. హాలు వరండాలోని పెద్ద లైటు కింద, గోడ మీద, అరచేతికన్నా వెడల్పైన ఆకుపచ్చ చిమ్మట వాలింది. "అమ్మో, పురుగు!" అని ఎవరో అరిచారు. ఇంకెవరో గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లోంచి ఒకటి అందుకుని ఒక్క దెబ్బ వేశారు. అది ముగ్గు మీద పడి రెక్కలు కొట్టుకుంటుంటే కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఎనిమిదేళ్ల మా అమ్మాయి నా కుచ్చిళ్లు పట్టుకుని, "అమ్మా, అది ఎవరి తాతయ్యో!" అని ఏడ్చింది.

పితరులు ఈ చిమ్మటల రూపంలో మనవలను చూడటానికి వస్తారని ఇక్కడి మూలవాసులైన మావోరీల నమ్మకం. బడిలో విన్నదట. నాకు మా నాన్నగారి పదోరోజు గుర్తొచ్చింది. తెనాలిలో పిండం పెట్టి, కాకి కోసం గంటన్నర ఎండలో నిలబడ్డాం. ఆయనకు ఏ కోరిక మిగిలిందోనని బాబాయి ఒక్కొక్కటే అడుగుతూ పోయారు. మనవరాలిని బాగా చదివిస్తామని అమ్మ మాట ఇచ్చాకే కాకి వచ్చి ముట్టింది. అమ్మ అప్పుడే కళ్లు తుడుచుకుంది.

ఈ పూరిరి చిమ్మట న్యూజిలాండ్ ఉత్తర దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ఆడది రెక్కలు చాపితే 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. గొంగళిపురుగుగా చెట్టు మానులో 7 అంకెలాంటి సొరంగం తొలుచుకుని, దాని నోటికి పట్టుతెర అల్లుకుని, సుమారు 5 ఏళ్లు బతుకుతుంది. రెక్కలొచ్చాక ఏమీ తినదు. అప్పటినుంచి ఆయుష్షు రెండు రోజులే. జత కట్టడం, గుడ్లు పెట్టడం ఆలోపే జరగాలి. అవి బయటికి వచ్చే వసంతకాలంలోనే ఇక్కడ మన దీపావళి వస్తుంది.

తేళ్లు, జెర్రులు తిరిగే ఊళ్లలో పెరిగాం. పురుగు కనిపించగానే కొట్టిన చేతులే మనల్ని కాపాడాయి; ఆ భయాన్ని నేను తప్పుపట్టను. దీపాలకు పురుగులు చస్తే పంటకు మేలని మా నాయనమ్మ కూడా అనేది. కానీ ఇది కుట్టదు, కరవదు, వరిచేను జోలికి రాదు.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఈసారి పూజ కాగానే వరండాలోని పెద్ద లైట్లు ఆర్పించండి. ప్రమిదల వెలుగు చాలు. అయినా ఒకటి వచ్చి వాలితే నన్ను పిలవండి. అట్టపెట్టెలో మెల్లగా పట్టి, వెనకాల చీకట్లో ఉన్న చెట్ల దగ్గర నేనే వదిలివస్తాను. మా అమ్మాయి కూడా వస్తానంటోంది.