మా పాలమూరు రైలుకు పాటల్లో చోటేది?

పాటల్లో రైలును జీవితానికి పోలికగా ఎట్లా వాడారో చెప్తూ మీరు రాసిన వ్యాసం బాగుంది. పుట్టుక టికెట్టు, చావు ఆఖరి స్టేషన్, మధ్యలో ఎక్కి దిగేవాళ్ళు మన బంధువులు అని పాటల్లోని రైలును చక్కగా విప్పి చెప్పారు. నాకు ఇంకోటి తోచింది. కఠోపనిషత్తులో దేహం రథం, బుద్ధి సారథి, మనసు కళ్ళెం. రథంలో కూర్చున్నది ఆత్మ. అక్కడ బండి తోలేది మన బుద్ధే. రైలు వచ్చాక పాటలో మనిషి ప్యాసింజర్ అయ్యాడు, నడిపేవాడు ఎక్కడో ముందు ఇంజన్లో, కనపడడు. ఈ మార్పు చాలా పెద్దది, దాని మీద మీరు ఇంకా రాయాల్సింది.

మాది మహబూబ్‌నగర్, అదే పాలమూరు. ఇక్కడి జనం తట్టా పారా పట్టుకొని ముంబై, పుణె దాకా వలస పోయినవాళ్ళు. ఒక్కడే కిటికీ పక్కన కూర్చొని జీవితం గురించి ఆలోచించే ప్రయాణం వాళ్ళది కాదు. పిల్లలు, మూటలు, జనరల్ బోగీ, సీటు కోసం టెన్షన్. పైగా వాళ్ళు పోయేది తిరిగి రావడానికే. పోతే మళ్ళీ రాని ప్రయాణం అనే పాటల భావం వాళ్ళకెట్లా అతుకుతుంది?

ఇంకొకటి, డబ్లింగ్ కాకముందు, అంటే రెండో పట్టాల లైన్ పడకముందు, మా సికింద్రాబాద్ లైన్లో క్రాసింగ్ కోసం బండి ఆగేది. షాద్‌నగర్‌లోనో జడ్చర్లలోనో ఎదురుబండి పోయేదాకా కదిలేది కాదు. ఇంకొకరికి దారి ఇవ్వడానికి ఆగే ఆ రైలు మీద కూడా ఎవరైనా పాట కట్టాలి. గోరటి వెంకన్న పుట్టిన ఉమ్మడి పాలమూరు జిల్లాలో అలాంటి కవులకు కొదవ లేదు.