సీసా మెరిస్తే చాలదు

ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి మెరిసే పాలిమర్ నానో కణాలు చేసి చూపడం మన నెల్లూరు, ఒంగోలు ఎమ్మెస్సీ విద్యార్థులకు అసాధ్యమేమీ కాదు. కానీ అల్ట్రావయొలెట్ దీపం కింద సీసా మెరిసిందని, ఒంటి లోపలి కణితి కనబడుతుందని చార్టు మీద రాస్తే ఒప్పుకోలేం.

టార్చి వెలుగుకు అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. ఎరుపొక్కటే బయటికొస్తుంది. నీలాన్ని, ఆకుపచ్చను నెత్తుటిలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది. ఆ ఎరుపులో కూడా వేలి ఎముక కనబడదు, కండ వెలుగును చెదరగొట్టేస్తుంది గనుక. వెలుగు తరంగం పొడవు 1000 నానోమీటర్లు దాటితే చెదరడం బాగా తగ్గుతుంది గానీ, మామూలు సిలికాన్ కెమెరా అక్కడ గుడ్డిదే. అక్కడ చూడగల ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరా కాలేజీలు కొనగలిగేది కాదు. 785 నానోమీటర్ల లేజరు, 800 పైన మెరిసే కణాలు చాలు.

తయారీ చిన్నదే. ద్రావకంగా తీసుకున్న 5 మిల్లీలీటర్ల టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో మెరిసే పాలిమర్ 250 మైక్రోగ్రాములు, నీటితో కలిసే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) తోకలున్న పాలీస్టైరీన్ 50 మైక్రోగ్రాములు కరిగించి, అల్ట్రాసౌండ్‌తో కదిపే సోనికేటర్‌లో ఉన్న 10 మిల్లీలీటర్ల నీటిలోకి ఒక్కసారిగా చిమ్మాలి. మెల్లగా పోస్తే కణాలు లావెక్కుతాయి. నైట్రోజన్ ఊది ద్రావకాన్ని పోగొట్టి, 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టాలి. నీళ్లు లవణాలు తీసేసిన డీఅయొనైజ్డ్‌వే కావాలి. కనిగిరి వైపు బోరు నీళ్లలాంటివైతే కాల్షియం కణాలను గుంపు కట్టించేస్తుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, నీళ్లు గడ్డ కడితే అతుక్కున్న కణాలు మళ్లీ విడిపోవు. ద్రావకం సీసా పాతదైతే ముందు పేలే గుణమున్న పెరాక్సైడ్ చేరిందేమో పరీక్ష తప్పదు.

అసలు పరీక్ష కోడిమాంసంతో. రొమ్ము ముక్కను 2, 5, 10 మిల్లీమీటర్ల మందాన కోసి, కణాల గొట్టం మీద ఒక్కొక్కటీ పరచి ఫొటో తీయాలి. పక్కనే ఉత్త నీళ్ల గొట్టం, అదే ఎక్స్‌పోజర్. అదీ మెరిస్తే తప్పు కెమెరా ముందు లేజరును ఆపే ఫిల్టర్‌దే కావచ్చు: వెలుగు దాని మీద ఏటవాలుగా పడితే అడ్డుకట్ట పొట్టి తరంగాల వైపు జరిగి లేజరే కెమెరాలోకి దూరుతుంది. 785 లేజరు కంటికి మసకగానే కనబడుతుంది, రెటీనాను మాత్రం కాల్చేస్తుంది. ఆ లేజరును ఆపే రక్షణ కళ్లద్దాలు లేకుండా స్విచ్ ముట్టుకోనివ్వకూడదు.

రోగుల మాట ఇప్పుడే వద్దు. 1959లో అమెరికా అనుమతి పొందిన ఇండోసయనిన్ గ్రీన్ అనే, రోగుల ఒంట్లోకి ఎక్కించే మెరిసే రంగు నెత్తుటిలో 3, 4 నిమిషాలకే సగమైపోతుంది, కాలేయం దాన్ని పైత్యరసంలోకి తోసేస్తుంది. 20 నానోమీటర్ల పాలిమర్ కణం మూత్రపిండాల జల్లెడలో దిగదు, కాలేయంలోనూ ప్లీహంలోనూ తిష్ఠ వేస్తుంది.

విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలు చెరొక లేజరు బల్ల పెట్టి అనుబంధ కాలేజీలకు వంతులవారీగా ఇవ్వాలి. మార్కులు కోడిముక్క ఫొటోకే వేయాలి.