పాత ఇల్లు కొనేముందు తేల్చుకోండి: కిరాయికా, అమ్మకానికా?

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, పాత ఇల్లు కొను, నాలుగు లక్షలు పెట్టి బాగుచెయ్యి, డబుల్‌కి అమ్ము అనే రీల్సే. అవి చూసి మా నల్లగొండలో కూడా ఉద్యోగం చేసే పోరగాళ్లు, రిటైరైన సార్లు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు పదో పదిహేనో లక్షలు చేతిలో పెట్టుకొని బ్రోకర్ల వెంట తిరుగుతున్నారు. తిరగనీ, తప్పేం లేదు. నాకు మండేది ఒక్క దగ్గరే. "కొన్నాక కిరాయికి ఇస్తావా, బాగుచేసి అమ్ముతావా?" అని అడిగితే "ముందు కొందామన్నా, తర్వాత చూద్దాం" అంటారు. తర్వాత చూసేది ఏమీ ఉండదు తమ్ముడూ. ఈ రెండిటికీ కొనాల్సిన ఇల్లు వేరు, చేయించాల్సిన రిపేర్లు వేరు, చేతిలో ఉంచుకోవాల్సిన డబ్బు కూడా వేరు.

ముందు అమ్మకం లెక్క చూద్దాం. ముప్ఫై లక్షలకు ఇల్లు కొన్నారనుకోండి, మొత్తం తెల్లడబ్బే అనుకుందాం. మన తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 2021 జూలై నుంచి 7.5 శాతం. స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 0.5. అంటే రెండు లక్షల పాతిక వేలు పోయాయి. రిపేర్లకు నాలుగు. మొత్తం 36.25 లక్షలు. నలభైకి అమ్మితే ఊళ్లో అందరూ పది లక్షలు మిగిల్చాడు అంటారు. మిగిలింది మూడు ముప్పావు. అందులోంచి కొన్నప్పుడు, అమ్మినప్పుడు బ్రోకర్ కమిషన్. ఇరవై లక్షలు లోన్ తీసుకొని ఏడాది అమ్ముడుపోకపోతే ఎనిమిదిన్నర శాతం చొప్పున వడ్డీయే లక్షా డెబ్భై వేలు. ఆ పైన, కొన్న రెండేళ్లలోపు అమ్మితే లాభం మీ మామూలు ఆదాయంలో కలిసి స్లాబ్ ప్రకారం ట్యాక్స్ పడుతుంది. రెండేళ్లు దాటాక అయితే 12.5 శాతం. ఇల్లు బాగుచేసిన ఖర్చు లాభంలోంచి తీసెయ్యొచ్చు, నిజమే, కానీ మేస్త్రీకి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, ఇసుక ట్రాక్టర్‌కి చీటీ కూడా తీసుకోనివాళ్లు రేపు ఆడిటర్ ముందు ఏం చూపిస్తారు?

అందుకే బ్రోకర్లు ఇంకో దారి చెప్తారు. "రిజిస్ట్రేషన్ ఎందుకన్నా, అగ్రిమెంట్ మీదనే తిప్పేద్దాం, లేకపోతే జీపీఏ చేయించుకో." జీపీఏ అంటే ఓనర్ తన తరఫున వ్యవహారం చూడమని ఇచ్చే అధికార పత్రం, దానితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అయినా మన దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది, ఎవరో ఒకరు మునిగేదాకా నడుస్తుంది.

ఇక కిరాయి. అదే ఇల్లు, రెండు పోర్షన్లు, ఒక్కోటి ఆరున్నర వేలు. నెలకు పదమూడు వేలు అని మురిసిపోవడం కాదు, ఏడాదికి ఒక నెల ఖాళీ తీసెయ్యండి. ఇంటి పన్ను తీసెయ్యండి (ఏప్రిల్‌లోనే కడితే మున్సిపాలిటీ ఐదు శాతం తగ్గిస్తుంది, అది కూడా వదులుకునేవాళ్లున్నారు). మోటర్ కాలడం, సంపు కడిగించడం, ఒక కిరాయిదారు పోయి ఇంకొకరు వచ్చే మధ్య సున్నం, రంగు. చివరికి లక్షా పాతిక వేలు మిగిలితే మంచిది. పెట్టిన 36 లక్షల మీద మూడున్నర శాతం. బ్యాంకులో ఎఫ్‌డీ వేసి కాలు మీద కాలేసుకుని కూర్చున్నా ఇంతకన్నా ఎక్కువే వస్తుంది. ఇరవై లక్షల లోన్ ఇరవై ఏళ్లకు పెడితే ఈఎమ్ఐ పదిహేడు వేల పైచిలుకు, వచ్చే కిరాయి పదమూడు. తక్కువ పడేది మీ జీతంలోంచి. కొత్త ట్యాక్స్ విధానంలో ఉంటే, కిరాయి కన్నా లోన్ వడ్డీ ఎక్కువై వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడానికి కూడా లేదు.

అలాగని కొనొద్దని కాదు. జాగా రేటు పెరుగుతుంది, కిరాయి కూడా నెమ్మదిగా పెరుగుతుంది, మెడికల్ కాలేజీ వచ్చాక మా ఊళ్లో ఇళ్లు అడిగేవాళ్లు పెరిగారు. జడ్చర్లలో పోలేపల్లి ఫార్మా కంపెనీల వల్ల, దామరచర్ల వైపు యాదాద్రి థర్మల్ ప్లాంటు వల్ల కూడా ఇదే సంగతి. కానీ కిరాయికి కొనేవాడు జాగా పెరుగుదల కోసం పదేళ్లు ఓపిక పట్టగలగాలి, మధ్యలో లోన్ మెడ మీద కూర్చోకూడదు. సగానికి మించి అప్పు చేసి కిరాయి ఇల్లు కొనడం నా దృష్టిలో తెలివితక్కువ పని. కోప్పడేవాళ్లు కోప్పడండి.

కిరాయికే అని తేలిందా, అయితే దక్షిణం ముఖం ఇల్లు వెతకండి. నిజంగానే చెప్తున్నా. మన దగ్గర దక్షిణం వాకిలి అంటే కొనేవాళ్లు సగం మంది గేటు దగ్గరే ఆగిపోతారు, కాబట్టి రేటు దిగుతుంది. కిరాయికి వచ్చేవాడు వాస్తు కన్నా ముందు అడిగేది నీళ్ల గురించి. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన జిల్లా మాది, కృష్ణా నీళ్లొస్తాయా, ఒక్క బోరేనా అన్నది ఇక్కడ మొదటి ప్రశ్న. రెండోది మీటర్. 2024లో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం వచ్చాక తెల్లకార్డు ఉన్న కిరాయిదారుకు కూడా రెండు వందల యూనిట్లలోపు జీరో బిల్లు వస్తోంది. మూడు పోర్షన్లకు ఒకటే మీటర్ పెట్టి కూర్చుంటే ఆ లాభం ఎవరికీ దక్కదు, పైగా నెలనెలా ఫ్యాన్ నీది, ఫ్రిజ్ నాది అని పంచాయితీ. వేరే మీటర్, లోపలే బాత్రూమ్, మంచి వైరింగ్, బండి పెట్టుకునే చోటు. డబ్బు అక్కడ పెట్టండి. ముందు ఎలివేషన్‌కి గ్లాసు, హాల్లో పీఓపీ, రంగురంగుల లైట్లు పెట్టే ఓనర్‌కి కిరాయి ఐదొందలు కూడా పెరగదు. అమ్మకానికైతే వాటి సంగతి వేరు, కొనేవాడి భార్య గేటు దగ్గరే ఇల్లు నచ్చిందో లేదో తేల్చేస్తుంది.

ఇల్లు చూడటానికి పోయేటప్పుడు సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. నవ్వితే నవ్వనీ. ద్వారబంధం కింది మూలలో స్క్రూడ్రైవర్ గుచ్చండి, మెత్తగా దిగిపోతే లోపల చెదలు తిన్నట్టే. స్లాబ్ కింద సుత్తి పిడితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే లోపలి ఇనప ఊచ తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును తోస్తోందేమోనని అనుమానించండి. దాని మీద మళ్లీ ప్లాస్టరింగ్ చేయిస్తే రెండు వానలకు పెచ్చులు ఊడతాయి. బాత్రూమ్ వెనక గోడ ఒక్కదానికే కొత్త రంగు వేసి ఉంటే అక్కడ చెమ్మ ఉందని వేరే చెప్పక్కర్లేదు. స్లాబే పోయిన ఇంటికి కట్టుబడి విలువ ఇవ్వకండి. జాగాకు గజం లెక్క కట్టి, కూల్చే ఖర్చు తీసేసి మాట్లాడండి. ఓనర్ మొహం మాడ్చుకుంటాడు, పర్లేదు.

రిపేర్లు మే నెలాఖరుకు అయిపోవాలి. స్కూళ్లు తెరిచే ముందే జనం ఇళ్లు మారతారు, ఆషాఢం పడిందంటే పాలు పొంగించడానికి చాలామంది ఒప్పుకోరు. మరి టూలెట్ బోర్డు పెట్టుకొని, వచ్చినవాళ్లను "మీరేమిట్లు?" అని అడిగి, నీసు తింటారని పంపించేసి, ఇల్లు ఖాళీగా ఉందని ఏడ్చే ఓనర్ల గురించి ఏం చెప్పాలి. సిగ్గు సంగతి అటుంచండి, వాళ్లకు లెక్క కూడా రాదు.

అన్నిటికన్నా పెద్ద గండం మాత్రం కాగితాలు. పాత ఇల్లంటే తాతదో తండ్రిదో అయి ఉంటుంది, అమ్మేది అన్నదమ్ములు. "ఈసీ క్లీన్ అన్నా" అంటాడు బ్రోకర్. ఈసీలో (ఆస్తి లావాదేవీల మీద రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే పత్రం) కనపడేది రిజిస్టర్ అయిన లావాదేవీలే, ఆడబిడ్డల వాటా అందులో ఎక్కడ కనపడుతుంది? అడిగితే "పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చాం" అంటారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం ఇచ్చింది, ఆ చట్టం వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి సొంతంగా సంపాదించి వీలునామా రాయకుండా పోయినా కూతుళ్లకు వాటా ఉంటుంది. కాబట్టి ఆ చట్టం ముట్టుకోని, 2004 డిసెంబర్‌కు ముందే రిజిస్టర్ అయిన పంపకం కాగితం చూపిస్తే తప్ప, మిర్యాలగూడలో ఉన్న అక్కనైనా ముంబైలో ఉన్న చెల్లెనైనా పిలిపించి సంతకం పెట్టించమనండి, లేదా వాటా వదులుకున్నట్టు రాసిచ్చే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ తెమ్మనండి. అప్పటిదాకా చిన్న బయానాతో ఆపండి, అదీ బ్యాంకు ద్వారానే, ఇల్లు అమ్మేటప్పుడు ఇరవై వేలు, ఆ పైన నగదు తీసుకోవద్దని ట్యాక్స్ చట్టమే చెప్తోంది. "అంత నమ్మకం లేకపోతే ఎట్లా?" అని అమ్మేవాడు అలిగితే, మంచినీళ్లు తాగి లేచి రండి.