ఆడిట్‌కి ఎవర్ని పిలవాలో స్కోరు చెప్పొచ్చా?

పన్ను అధికారులే వ్యాపారి లెక్కలు తనిఖీ చేసే జీఎస్టీ సెక్షన్ 65 ఆడిట్‌కి డీలర్లను గణాంకాల మోడల్ ఇచ్చే రిస్క్ స్కోరును బట్టి ఎంచుకోవాలా? హైదరాబాద్‌లో ఈ మాట మీద ఒకవైపు పన్నుల అధికారి, మరోవైపు రాణిగంజ్, బేగంబజార్ వ్యాపారుల లెక్కలు చూసే ఆడిటర్.

అధికారి: ఆడిటర్ గారూ, డీలర్లు వేలల్లో ఉంటారు, ఆడిట్ చేసేవాళ్లు కొద్దిమంది. ఎవర్ని పిలవాలన్నది అధికారి ఇష్టానికి వదిలితే పాత కక్షలు, మామూళ్లు అక్కడే దూరతాయి. స్కోరుకి డీలర్ మొహం తెలీదు.

ఆడిటర్: వ్యాపారమూ తెలీదు సార్. మార్చి 28న పుణె నుంచి మోటార్ల బిల్లు వచ్చింది, 5 లక్షల మీద 18 శాతం, అంటే 90 వేల క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను, మేం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునేది). బిల్లు మార్చి 2బీలో, అంటే అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో మాకు వచ్చే క్రెడిట్ పట్టికలో పడింది. లారీ రాణిగంజ్‌లో దిగింది ఏప్రిల్ 3న. సరుకు అందకుండా క్రెడిట్ వాడకూడదు కదా, అందుకే మార్చి 3బీ రిటర్నులో క్రెడిట్ చూపే 4ఎ(5) గడిలో చూపి, 4బి(2) గడిలో వెనక్కి తీశాం. ఏప్రిల్‌లో మళ్లీ 4ఎ(5)లో తీసుకుని తిరిగి తీసుకున్న క్రెడిట్‌ని చెప్పే 4డి(1)లో రాశాం. అంతా రూలు ప్రకారమే. 4ఎ(5)లోంచి 2బీ తీసేసి చూసే మోడల్‌కి మాత్రం ఏప్రిల్‌లో 90 వేలు ఎక్కువ వాడినట్టే కనబడుతుంది.

అధికారి: అది కొలత కట్టినవాడి తప్పు. తేడాలోంచి 4డి(1) కూడా తీసేస్తే సున్నా వస్తుంది.

ఆడిటర్: సరే, దిద్దుకుంటారు. అప్పుడైనా 10,000 మందిలో 500 మంది ఎగవేతదారులు అనుకుందాం. మోడల్ వాళ్లలో 80 శాతాన్ని పడుతుంది, నిజాయితీపరుల్లో 10 శాతాన్ని పొరపాటున పట్టుకుంటుంది. అంటే 400 మంది దొంగలు, 950 మంది అమాయకులు. పట్టుబడ్డ ముగ్గురిలో ఇద్దరికి పైగా ఏ తప్పూ చేయనివాళ్లే!

అధికారి: అదే 1,350 మందిని చీటీలు తీసి పిలిస్తే దొరికేది 68 మందే. పైగా స్కోరు రాగానే ఆడిట్‌కి పరిగెత్తక్కర్లేదు. ముందు రిటర్నులో తేడా చూపే ఏఎస్‌ఎంటీ-10 నోటీసు ఇచ్చి వివరణ అడగొచ్చు, జవాబుకి 30 రోజుల దాకా ఉంటుంది. మీ లారీ కథ అక్కడే తేలిపోతుంది.

ఆడిటర్: ఆ 950 మంది 30 రోజుల పని మాటేమిటి? అదీ పక్కన పెడదాం. నాకు అసలు భయం ఇంకోటి. మోడల్ నేర్చుకునేది ఆడిట్ అయినవాళ్ల నుంచే. ఈ ఏడు డ్రైఫ్రూట్స్ వాళ్ల మీద పడితే తప్పులు అక్కడే దొరుకుతాయి, వచ్చే ఏడు వాళ్ల స్కోరే పెరుగుతుంది. చూడని వీధి ఎప్పటికీ శుభ్రంగానే కనబడుతుంది. అమెరికాలో ఆడిట్ ఎంపికకి జాతి వివరమే వాడరు. అయినా 2023లో పరిశోధకులు లెక్కతీస్తే నల్లజాతివాళ్లకి మిగతావాళ్లకన్నా 2.9 నుంచి 4.7 రెట్లు ఎక్కువగా ఆడిట్లు పడ్డాయని తేలింది.

అధికారి: ఆ దేశమే 1960ల నుంచి యాదృచ్ఛిక ఆడిట్లు చేసి, వాటి ఫలితాలతోనే స్కోరు సూత్రం కట్టింది. కొంత వాటా చీటీలకి ఉంచాలన్నది నేనూ ఒప్పుకుంటా, కానీ చిన్న వాటా. మూడు నెలలు పట్టే ఆడిట్‌ని ఊరికే ఎవరి నెత్తిన పెడతాం?

ఆడిటర్: చిన్నదైనా ప్రతి ఏడూ, ప్రతి వ్యాపారంలోనూ ఉండాలి. ఇంకోటి: ఆడిట్ చేస్తామని ముందుగా చెప్పే ఏడీటీ-01 నోటీసులో స్కోరు ఏ అంకె వల్ల పెరిగిందో రాయండి.

అధికారి: రాస్తే ఎగవేతదారుడు మోడల్‌ని చదివేస్తాడు.

ఆడిటర్: దేనికి ఎంత బరువిచ్చారో చెప్పొద్దు సార్. ‘ఏప్రిల్ 4ఎ(5), 2బీ తేడా 90 వేలు’ అన్న ఒక్క వాక్యం చాలు. మేం లారీ రసీదు పట్టుకొస్తాం.

అధికారి: ఆ అంకె వరకైతే ఇవ్వొచ్చు.