రంగుల డబ్బా కాసేపు పక్కన పెట్టండి

మన ఊళ్లలో పిల్లలకు బొమ్మలు నేర్పే పద్ధతి మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఈ మధ్య అనంతపురంలో ఒక చిత్రలేఖనం పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లొచ్చాక అది ఇంకా పెరిగింది. కాస్త పొడవుగానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ఆ పోటీలో ఐదో తరగతి చదివే పాప ఒకతె వేపచెట్టు కింద పడుకున్న గేదెను గీసింది. ఉత్త పెన్సిలుతో. గేదె వెన్ను దగ్గర గీత ఒత్తుగా మొదలై, పొట్ట దగ్గరికి వచ్చేసరికి పలచబడి, ఒళ్లు నేలకు ఆనిన చోట మళ్లీ నల్లగా దిగింది. ఆ జంతువు బరువంతా ఆ ఒక్క గీతలో తెలిసిపోతోంది. పాపకు ఏ బహుమతీ రాలేదు. "రంగు వేయలేదు కదా సార్, సగంలో వదిలేసింది" అన్నారు తోటి న్యాయనిర్ణేతలు. నేను ఎంత వాదించినా వినలేదు. మొదటి బహుమతి దేనికి వెళ్లిందో మీరే ఊహించగలరు. రెండు త్రికోణాల కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, ముందు నిండుగా పారే ఏరు, ఏట్లో తెరచాప పడవ. వాన చుక్క కోసం ఆకాశం వైపు చూసే మన సీమలో పుట్టిన పిల్లవాడు తెరచాప పడవను ఎక్కడ చూశాడు? వాడిని ఏమీ అనను. తన కళ్లెదుట ఉన్నదాన్ని చూసి గీయమని వాడికి ఎవరూ చెప్పలేదు. అచ్చువేసిన బొమ్మలో గడి దాటకుండా రంగు నింపమని మాత్రం ఎల్‌కేజీ నుంచీ చెబుతూనే ఉన్నారు.

బొమ్మకు మూలాలు ఏవి అంటే ఏ దేశపు చిత్రకారుడైనా కాస్త అటూ ఇటూగా ఇవే చెబుతాడు. గీత, ఆకారం, ఘనరూపం (అంటే ఆకారానికి ఉండే మందం), వెలుగునీడలు, రంగు, పైపొర నునుపూ గరుకూ, ఖాళీ స్థలం. గోడ మీది చిత్రమైనా, చీర అంచయినా, పెళ్లిపత్రికయినా వీటితోనే కట్టాలి. ఏడింటిలో రంగు ఒకటి. ఒకే ఒక్కటి. జర్మనీలో 1919లో మొదలైన బౌహౌస్ అనే కళాశాలలో చేరినవారికి ముందు ఈ మూలాల మీదే శిక్షణ ఇచ్చి, ఆ తర్వాతే నేత గదికో వడ్రంగం గదికో పంపేవారు. అక్కడ పాఠాలు చెప్పిన కాండిన్‌స్కీ బిందువు, రేఖ, తలం గురించే 1926లో ఒక పుస్తకం వేశాడు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మలు గీసే పద్ధతి చెప్పే చిత్రసూత్రం అనే భాగంలో ఒక శ్లోకం ఉంది. ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారు, వివేకులు వెలుగునీడలను మెచ్చుకుంటారు, మిగతా జనం రంగుల జిలుగును కోరుకుంటారు అని దాని భావం. ఆ పోటీ హాల్లో నాకు ఇదే గుర్తొచ్చింది. శ్లోకం మధ్యలో స్త్రీలు అలంకారాన్ని ఇష్టపడతారని ఒక మాట ఉంది. దాన్ని మాత్రం నేను ఒప్పుకోను. తెల్లవారుజామున వాకిట్లో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికల ముగ్గు తిప్పే ఆడవాళ్లకు తెలిసినంత గీత ఎందరు చిత్రకారులకు తెలుసు? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుంటే చెయ్యి ఒకే వేగంతో కదలాలి. ఆగితే ముద్ద కడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. తుడిచి మళ్లీ గీద్దామంటే మచ్చ మిగిలిపోతుంది. రోజూ ఇంత కఠినమైన అభ్యాసం ఇంటి ముందే జరుగుతుంటే, ఆ ఇంటి పిల్లను డ్రాయింగు నేర్చుకోమని నెలకు ఫీజు కట్టి గడుల్లో రంగు నింపే చోటికి పంపుతున్నాం.

లేపాక్షి విషయం తలుచుకుంటే మరీ బాధ. లేపాక్షి ఇప్పుడు వేరే జిల్లాలోకి వెళ్లినా అనంతపురం బడులన్నిటికీ విహారయాత్ర అంటే ఇప్పటికీ లేపాక్షే. పిల్లల్ని వరుసగా వేలాడే స్తంభం దగ్గరికి నడిపిస్తారు, దాని కింద నుంచి గుడ్డ లాగిస్తారు, పెద్ద నంది ముందు ఫోటో తీసి బస్సెక్కిస్తారు. తలెత్తి మండపం పైకప్పు చూడమనే మాట ఎవరి నోటా రాదు. అచ్యుతదేవరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ గుడి కప్పు మీద విజయనగర చిత్రకారులు వదిలి వెళ్లిన పాఠశాల ఉంది. వాళ్ల దగ్గర ఉన్న రంగులెన్ని? కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చ. నీలం దాదాపు కనిపించదు. ఇవాళ్టి ఒకటో తరగతి పిల్లవాడి డబ్బాలో అంతకన్నా ఎక్కువ ఉంటాయి. అయినా ఆ బొమ్మలు నిలబడ్డాయంటే నల్లటి గీత వల్లే. పక్కకు తిరిగిన ముఖం, ముక్కు కొస నుంచి గడ్డం దాకా ఒక్క ఊపులో దిగిన గీత, పొడవాటి కన్ను, మగవాళ్ల తలల మీద నిటారుగా లేచిన కుళ్లాయి, ఆడవాళ్ల చీరల మీద ఒకదానితో ఒకటి పోలని గళ్లూ చారలూ పూలూ. దూరంగా ఉన్నవాళ్లను చిన్నగా, దగ్గరివాళ్లను పెద్దగా గీసి లోతు చూపించే ప్రయత్నమే లేదు. అందరూ ఒకే వరుసలో నిలబడతారు, ఒకరి చెయ్యి మరొకరి పైటను కాస్త కమ్ముతుంది, లోతు అక్కడే పుడుతుంది. శివుడు వేటగాడి వేషంలో అర్జునుడితో తలపడే కిరాతార్జునీయ ఘట్టంలోని అడవిపంది దగ్గర ఒక పావుగంట నిలబడండి. తెల్లటి వెనుకతలం మీద ముదురు ఆకారం. ఆకారమంటే ఏమిటో చెప్పడానికి ఇంకో పాఠం అక్కర్లేదు.

ఖాళీ గురించి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వెళ్లి నేర్చుకోవాలి. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా సంతోషించాం. ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని చూసినవాళ్లు ఎంతమంది? మేకతోలును వెలుతురు దూరేంత పలచగా సిద్ధం చేసి, గీత గీసి, రంగులు వేసి, ఉలితో చిల్లులు కొడతారు. సీత మెడలో హారం, రావణుడి కిరీటం మీది రాళ్లు, నడుము ఒడ్డాణం, అన్నీ ఆ చిల్లులే. పగటిపూట చేతిలో పట్టుకుంటే అవి వట్టి కన్నాలు. తెర వెనుక దీపం పెట్టగానే నగలై మెరుస్తాయి. అంటే తోలు తీసేసిన చోటే బొమ్మకు శోభ వచ్చింది. ఖాళీ అనేది మిగిలిపోయిన జాగా కాదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు అనంతపురం టవర్ క్లాక్ దగ్గరికి రండి. అక్కడ కట్టిన ఫ్లెక్సీ ఏదైనా చూడండి. నేను డిజైన్ పని చేసుకుని బతికేవాణ్ణి కాబట్టి అది ఎలా తయారవుతుందో నాకు తెలుసు. చుట్టూ కాస్త జాగా వదిలి పేరు పెడితే, వచ్చినవారు తెర మీద వేలు పెట్టి "ఇక్కడ ఖాళీగా ఉంది, మా బావమరిది ఫోటో పెట్టండి" అంటారు. ఆ తర్వాత బావమరిది స్నేహితులు. ఆకుపచ్చ మీద ముదురు ఎరుపు అక్షరాలు వేయించుకుంటారు. కనిపించడం లేదని దానికి తెల్ల అంచు, ఇంకా చాలదని పసుపు అంచు, దాని వెనుక నీడ. ఒక పని చేయండి. ఆ ఫ్లెక్సీని ఫోనులో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. ఆ ఎరుపూ ఆ ఆకుపచ్చా దాదాపు ఒకే బూడిదరంగులో కలిసిపోయి, అంచులు లేకపోతే పేరే మాయమవుతుంది. రెండు రంగులు వేరైనంత మాత్రాన వాటి వెలుగు వేరు కాదు. కంటికి దూరం నుంచి అక్షరం అందేది ముందు వెలుగు తేడా వల్ల. ఇది తెలియక ఎండలో బండి ఆపి చదివినా అర్థం కాని బోర్డులకు డబ్బులు పోస్తున్నాం.

తెలుగు అక్షరానికి ఖాళీ ఇంకా ఎక్కువ కావాలి. పైన గుడి, కింద వత్తు ఉండే లిపి మనది. వరుసలు దగ్గరగా నొక్కితే పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడికి గుచ్చుకుంటుంది. పాతకాలం బోర్డు పెయింటర్లు దారానికి సుద్ద రాసి గోడ మీద గీత కొట్టుకునేవారు, వత్తుకు ఎంత జాగా వదలాలో ముందే కొలుచుకునేవారు. వాళ్ల చేతిపనిని ఫ్లెక్సీ యంత్రం తుడిచిపెట్టింది. ఆ యంత్రం మీద నాకు కోపం లేదు, దాని ముందు కూర్చున్నవారికి ఆ లెక్క ఎవరూ అందించలేదన్నదే నా బాధ.

రంగు అంటే నాకు పడదని అనుకోకండి. రంగు వేరే రంగు పక్కన పడినప్పుడు ఏమవుతుందో నేర్పమంటున్నాను. ఫ్రాన్సులో గోబెలిన్ నేత కర్మాగారంలో రంగుల అద్దకాన్ని పర్యవేక్షించిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. అద్దకంలో లోపమేమీ లేదు, పక్క దారాల రంగు వల్ల నలుపు అలా కనిపిస్తోందని అతను తేల్చి, 1839లో పుస్తకం రాశాడు. ధర్మవరం మగ్గం దగ్గర నిలబడి ఒకే ఎరుపు పట్టును ఆకుపచ్చ అంచు పక్కనా, నారింజ అంచు పక్కనా పెట్టి చూపించండి. పిల్లలకు పది నిమిషాల్లో అర్థమవుతుంది.

నునుపూ గరుకూ సంగతికి అంత శ్రమ కూడా వద్దు. ఇంట్లో పాలిష్ చేసిన కడప బండ మీదా, పెరట్లో అదే బండ చెక్కని వైపునా కాగితం పరిచి పెన్సిలు రుద్దమనండి, చాలు.

కడపలో 2020లో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయమే వచ్చింది. అక్కడ చేరేవారిలో మన పల్లెల పిల్లలు ఉండాలంటే పదేళ్ల వయసులోనే చెయ్యి కుదరాలి, కన్ను కుదరాలి. కాబట్టి పోటీలు పెట్టే సంఘాలకూ బడులకూ నా విన్నపం ఇది. ఈసారి మొదటి గంట రంగుల డబ్బాలు గుమ్మం దగ్గరే పెట్టించండి. ఎదురుగా ఒక మట్టికుండ, ఒక చేట, ఒక చింతకొమ్మ పెట్టి చూసి గీయమనండి. గీతకు విడిగా, వెలుగునీడలకు విడిగా, కాగితంలో వదిలిన ఖాళీకి విడిగా మార్కులు వేయండి. రెండో గంటలో రంగు ఇవ్వండి, అదీ రెండే రంగులు. దీనికి ఎవరు సిద్ధపడినా నన్ను న్యాయనిర్ణేతగా పిలవనక్కర్లేదు, పిల్లలందరికీ పెన్సిళ్లూ కాగితాలూ నేను తెచ్చిస్తాను.